గోడ మీంచి చెరిపిన పేరు

ట్రక్కు కనిపించడం లేదు.

టేవియన్ చెప్పుల్లేకుండా వరండా మెట్ల మీద నిలబడి వాకిలంతా కలయజూశాడు. నిన్న తానే తెచ్చి కమలా చెట్టు పక్కన ఆపాడు. ఇప్పుడక్కడ తడి మట్టిలో చక్రాల గుర్తులు తప్ప ఏమీ లేవు.

"అమ్మా! నా తాళాలు ఎవరు తీశారు?"

వంటింట్లో ఓడెట్ పలకలేదు. గంబో పులుసు కోసం నూనెలో పిండి వేయిస్తోంది. గరిటె ఆపితే మాడుతుందన్న సాకు దొరికింది ఆమెకి.

"అమ్మా, నిన్నే!"

"నాన్న తీశాడు" అంది రొషెల్. ఆస్పత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అక్క, బల్ల మీద తల వాల్చుకుని కూర్చుంది. "నేను వస్తుంటే హైవే మీద ఎదురొచ్చాడు. చెయ్యి ఊపాను. చూడనట్టే పోయాడు."

"ఎక్కడికి?"

"నీకు తెలీదా ఏంటి?"

టేవియన్‌కి తెలుసు. రాత్రి భోజనాల దగ్గర మొదలైన మాట అది. ట్రక్కుల దుకాణం బ్రూసార్ పేరెత్తితే తండ్రి కంచం ముందు నుంచి లేచిపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు. కానీ ఆ బ్రూసార్ ఈసారి కొడుకుతో పాటు తండ్రినీ ప్రకటన కోసం కెమెరా ముందు నిలబడమంటున్నాడని విన్నాక, ఎమిల్ నార్సిస్ మొహం చూసి ఆయన్ని వెనక్కి పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చాలాసేపటికి వచ్చాడు ఎమిల్. చెరకు లారీలు తొక్కి గుజ్జు చేసిన రోడ్డు మీద, కుడికాలు ఈడ్చుకుంటూ, బూట్ల నిండా బురదతో. దార్లో ఎవరో కారాపి ఎక్కమన్నారట, ఎక్కలేదట. వచ్చి వంటింట్లో తన కుర్చీలో కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

"ట్రక్కేది నాన్నా?"

"ఎవడిది వాడి వాకిట్లో ఉంది."

"అది నాది."

"నీదా? దాని తలుపు మీద ఎవడి పేరుంది?"

"ఆయన పేరుంది. పక్కన నా బొమ్మ ఉంది. నా బొమ్మ వేసుకున్నందుకే కదా బండి ఇచ్చాడు! దొంగతనం చేశానా? ఇప్పుడు కాలేజీ ఆటగాడు తన పేరు తను అమ్ముకోవచ్చు, తన మొహం తను అమ్ముకోవచ్చు. కాలేజీయే దగ్గరుండి చదివి సంతకం పెట్టించింది."

"తెలుసు. అమ్ముకో. బర్గర్ల వాడికి అమ్ముకో, బూట్ల వాడికి అమ్ముకో, నేనేమైనా అన్నానా? బ్రూసార్ పేరు చదువుకుంటూ మాత్రం నా వాకిట్లో నేను నిద్ర లేవను."

"అంతేనా?"

"అంతే."

టేవియన్ పళ్ళు బిగించాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో బంతి చంకన పెట్టుకుని పరుగెత్తితే నలుగురు మల్లుల్ని ఈడ్చుకుపోతాడని టీవీల్లో చెప్పుకునే కుర్రాడు. ఆ ఒంట్లోని కండంతా ఇప్పుడు నాలుకలోకి వచ్చింది.

"సరే. మరి కప్పు?"

ఎమిల్ తలెత్తాడు.

"తుఫానుకి ఎగిరిపోయిన కప్పు. రెండేళ్ళు నీలం పట్టా కట్టుకుని, వానొస్తే మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకున్నావు. దాన్ని వేయించిందెవరు? బ్రూసార్ గారు నా మొహానికి ఇచ్చిన డబ్బే. బండి ఒక్కటే ఎందుకు ఇచ్చావు? కప్పు కూడా పీకి వాడి వాకిట్లో పడేసి రా!"

"టేవియన్!" రొషెల్ లేచి నిలబడింది.

ఓడెట్ చేతిలో గరిటె ఆగింది. మాడు వాసన వంటింట్లో కమ్ముకుంది.

ఎమిల్ నెత్తి మీది తెల్లటి కొత్త చెక్కల వైపు కాసేపు చూశాడు. తర్వాత లేచి, తను కూర్చున్న కుర్చీని ఒంటి చేత్తో ఎత్తుకుని బయటికి నడిచాడు. వరండా దాటాడు. చూరు దాటాడు. కమలా చెట్టు కూడా దాటి, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సన్నగా తుంపర పడుతోంది.

"చూశావా?" అంది రొషెల్ తమ్ముడితో. "ఇప్పుడు సంతోషమేనా?"

"నేనేం అబద్ధం చెప్పాను?"

"అబద్ధం చెప్పినా బాగుండేది."

ఓడెట్ మాడిన పిండి బయట పారబోసి, మళ్ళీ మూకుడు పెట్టలేదు. గొడుగు తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. ఎమిల్ చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక్కొచ్చి కాఫీ పట్టుకెళ్ళింది.

"కాఫీ కూడా వాడి డబ్బేనా?"

"కాదు. నా డబ్బే. నిన్న సిమోన్ కూతుళ్ళకి జడలల్లాను."

అప్పుడు తీసుకున్నాడు.

ఆమె లోపలికొచ్చేసరికి టేవియన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"అలా అనకూడదు నాన్నా" అంది ఓడెట్ మెల్లగా.

"ఆయన్ని ఏమీ అనకూడదు. నన్ను మాత్రం ఎవరైనా ఏమైనా అనొచ్చు. అమ్మా, నేనింకెంత కాలం పరుగెడతానో నాకు తెలీదు. ఒక్క దెబ్బ. ఒకడు వచ్చి పక్క నుంచి మోకాలి మీద పడ్డాడంటే మర్నాటి నుంచి నా మొహం ఎవడూ కొనడు. అమ్ముడయ్యే రోజుల్లోనే అమ్ముకోవాలి. ఆయన మోకాలు చూస్తూ పెరిగాను నేను."

"ఆ మోకాలు ఆటలో పోలేదురా. చెరకు లారీ మీంచి పడి పోయింది."

"ఏదైతేనేం?"

"ఆటలో పోయుంటే ఇంత బాధపడేవాడు కాదు" అంది ఓడెట్. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది బండి చప్పుడు.

ఎర్ర ట్రక్కు తిరిగొచ్చింది. తలుపు మీద టేవియన్ నవ్వుతున్నాడు, పిడికిలి ఎత్తి. ఆ తలుపు తెరుచుకుని దిగిన మనిషి మాత్రం ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన. తెల్లగా, సన్నగా, తల మీద టోపీ, చేతిలో మాంసం వేపుళ్ళ పొట్లం. గెరల్డ్ బ్రూసార్. వెనకే ఆయన మనిషొకడు ఇంకో కారు తోలుకొచ్చి రోడ్డు మీదే ఆపుకున్నాడు.

"ఎమిల్! వానలో కూర్చున్నావేమిటయ్యా?"

"కప్పు కారుతోంది."

"కొత్త కప్పు కదా!"

"కొత్తదే కారుతోంది."

బ్రూసార్ నవ్వబోయి మానేశాడు. "మా కాపలావాడు ఫోన్ చేశాడు. తాళాలు సీట్లో పడేసి, అద్దాలు దించి వానలో వదిలేసి పోయావట. సీట్లు తడిసి ముద్దయ్యాయి."

"తుడిపించండి. మీకు తుడిచేవాళ్ళు కరువా?"

టేవియన్ గబగబా బయటికొచ్చాడు. "సారీ బ్రూసార్ గారూ. నాన్నకి కాస్త..."

"నా తరఫున నువ్వు క్షమాపణ చెప్పకు" అన్నాడు ఎమిల్ తల తిప్పకుండానే.

ముసలాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. తుంపర ఆయన బట్టతల మీద పడుతోంది. పొట్లం పుచ్చుకోడానికి ఎవరూ రాకపోతే ట్రక్కు మీద పెట్టాడు.

"నేను పోట్లాటకి రాలేదు ఎమిల్. ఒక్క మాట విను. యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడాను. పెద్దవాళ్ళతోనే. నువ్వు ఆడిన ఆఖరి ఏడాది గెలుపులన్నీ రికార్డుల్లోంచి కొట్టేశారు కదా, అవి మళ్ళీ లెక్కలోకి ఎక్కిస్తారు. ఆటగాళ్ళ హాల్లో గోడ మీంచి నీ ఫోటో తీసేశారు. అది మళ్ళీ పెడతారు. సొంత మైదానంలో ఆట జరిగే రోజు, ఆట మధ్యలో నిన్నూ టేవియన్నీ నడిమధ్యన నిలబెట్టి నీ పేరు చదువుతారు. స్టేడియం స్టేడియమంతా లేచి నిలబడుతుంది."

ఎమిల్ చేతిలోని కాఫీ కప్పులో వాన చినుకులు పడుతున్నాయి.

టేవియన్ తండ్రి చేతినే చూశాడు. కప్పు లేని చెయ్యి తెలీకుండానే తడిసిన కాలరు సర్దుతోంది. ఆ పేరు తనకి అక్కర్లేదని, ఆ గోడకి తన మొహం చూసే యోగ్యత లేదని ఆయన చెబుతుంటే విని పెరిగాడు. అదంతా అబద్ధం. ఆయనకి కావాలి. చిన్నపిల్లాడికి కావలసినట్టు కావాలి.

"దానికి నేనేం చెయ్యాలి?" అన్నాడు ఎమిల్ చివరికి.

"పెద్దగా ఏం లేదు. ముందు మా దుకాణం దగ్గర చిన్న షూటింగ్. తండ్రీ కొడుకూ. అప్పుడు ఒక కోటు కోసం ఆట పోగొట్టుకున్న తండ్రి, ఇప్పుడు తలెత్తుకు తిరిగే కొడుకు. కోటు కూడా కుట్టించాను, నల్లది, అచ్చం అప్పటిలాంటిదే. చూసిన జనానికి కళ్ళ నీళ్ళు ఆగవయ్యా."

"జనం ఏడిస్తే ట్రక్కులు కొంటారా?"

బ్రూసార్ ఒక్క క్షణం ఆలోచించాడు. "కొంటారు" అన్నాడు. "నీతో అబద్ధం ఎందుకు? కొంటారు."

ఎమిల్ కాఫీ కప్పు నేల మీద పెట్టాడు.

"టేవియన్, ఇలా రా. దగ్గరికి రా. ఈయన చెప్పే కథలో ఒక ముక్క తక్కువైంది, అది కూడా విను. మా అమ్మ పోయిందని కబురొచ్చింది. నేను హాస్టల్లో ఉన్నాను. ఇంటికి రావడానికి బస్సు డబ్బుల్లేవు. అమ్మ శవం ముందు నిలబడ్డానికి ఒక మంచి చొక్కా లేదు. వారం వారం నా పేరు రాసిన బనీన్లు స్టేడియం బయట అమ్మేవాళ్ళు. నా దగ్గర మాత్రం బస్సుకి లేవు. అప్పుడు ఈయన టిక్కెట్టు కొన్నాడు, నల్ల కోటు కొన్నాడు. రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. నెల తిరక్కుండా విచారణకొచ్చినవాళ్ళు నన్ను గదిలో కూర్చోబెట్టి, ఆటగాడు బయటివాళ్ళ దగ్గర గుండుసూది కూడా పుచ్చుకోకూడదు, పుచ్చుకున్నావు, దొంగవి అన్నారు. ఈయన్ని పిలిచి అడిగారు. బ్రూసార్ గారూ, ఏమన్నారు మీరు?"

"అదంతా ఇప్పుడెందుకు..."

"వాడు విననీండి. ఏమన్నారు?"

"నాకేం తెలీదన్నాను" అన్నాడు ముసలాయన. "మా గుమాస్తా ఎవడో అరువిచ్చి ఉంటాడన్నాను. నిజం చెబితే నన్ను మళ్ళీ స్టేడియం గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు ఎమిల్. నాకు ఆ ఆట ప్రాణం."

"నాకేమో కాలక్షేపం."

రోడ్డు మీద చెరకు లారీ ఒకటి గడలు రాలుస్తూ పోయింది.

"నాన్నా, ఆయన తప్పు చేశాడు. ఒప్పుకుంటున్నాడు కదా" అన్నాడు టేవియన్. "ఇప్పుడు ఆ రూలే లేదు."

"లేదు. నేను పోయాక తీసేశారు. ఒక కోటుకి నేను దొంగనయ్యాను. ఒక బండికి నువ్వు వీరుడివయ్యావు. ఇచ్చింది ఇద్దరికీ ఒకడే."

"అది నా తప్పా?"

ఎమిల్ కొడుకు కళ్ళలోకి చూడలేక మోకాలి వైపు చూసుకున్నాడు.

బ్రూసార్ టోపీ పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"ఇంకొకటి. నేను మాట దాటేసింది నిజం. కానీ ముందు నీ సంగతి వాళ్ళ చెవిన వేసింది నేను కాదు."

"తెలుసు. లెస్టర్."

"లెస్టర్ కాదయ్యా."

ఎమిల్ మొహం చిట్లించాడు.

లెస్టర్ పియెర్‌ది ఈ ఊరే. ఇద్దరూ ఒకే బస్సెక్కి కాలేజీకి పోయారు, ఒకే గదిలో ఉన్నారు. ఆ కోటు సంగతి తెలిసినవాడు లెస్టర్ ఒక్కడేనని ఎమిల్ లెక్క. ఆట నుంచి గెంటేసి ఇంటికి పంపాక, చర్చి మెట్ల మీద లెస్టర్ దవడ పగలగొట్టాడు. అంతే, మళ్ళీ మాటల్లేవు. పాతికేళ్ళు దాటిపోయాయి. మొన్న ఈస్టరుకి ముందు లెస్టర్ గుండె ఆగి చచ్చిపోతే, అతని పెళ్ళాం వెర్నా ఈ గుమ్మం దాకా వచ్చి శవపెట్టెకి భుజం పట్టమని అడిగింది. ఎమిల్ తలుపు తియ్యలేదు.

"పోయేముందు నా దగ్గరికొచ్చాడు లెస్టర్" అన్నాడు బ్రూసార్. "మీరైనా మా వాడికి చెప్పండి, నేను కాదని మాత్రం చెప్పండి చాలు, అన్నాడు. చెబుదామనే అనుకున్నాను. పాత గొడవ తవ్వడం ఎందుకని ఊరుకున్నాను. ఆ విచారణకొచ్చిన మనిషి అప్పట్లో నాతో అన్నాడు, మాకు ఈ ముక్క ఆటగాళ్ళెవరూ చెప్పలేదు, వాళ్ళ ఊళ్ళో దొరికిందని. ఎవరి దగ్గరో నాకు చెప్పలేదు."

వరండాలో నిలబడి వింటున్న ఓడెట్ లోపలికి వెళ్ళిపోయింది.

"బుధవారం లోపల నాకు మాట ఇవ్వండి" అన్నాడు బ్రూసార్ కారెక్కుతూ. "షూటింగ్ ఆగదు ఎమిల్. జట్టులో ఇంకో కుర్రాడున్నాడు. వాళ్ళ నాన్న ఇప్పుడే రమ్మన్నా వస్తాడు."

కారు మలుపు తిరిగిందాకా టేవియన్ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తండ్రి దగ్గరికొచ్చి, "నువ్వు రాకపోతే ఆయన నన్ను వదిలేస్తాడు" అన్నాడు. "తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది."

"అయినా?"

"లెస్టర్ కాదట" అన్నాడు ఎమిల్. కొడుకు మాట ఆయన చెవిన పడలేదు. "విన్నావా? లెస్టర్ కాదట."

*

మధ్యాహ్నానికి వాన వెలిసింది. మర్నాడు సకల పునీతుల పండగ, పోయినవాళ్ళని తలుచుకునే రోజు. ఊరంతా శ్మశానంలోనే ఉంది, సున్నం బకెట్లతో, కుంచెలతో, చేమంతి పూలతో. ఎవరి సమాధి వాళ్ళు కడుక్కుంటున్నారు. వానలకి మసకబారిన సమాధులు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. పిల్లలు మధ్యలో పరుగెడుతున్నారు.

ఎమిల్ నడిచి వచ్చాడు. ట్రక్కు ఎక్కనన్నాడు. ఓడెట్, టేవియన్ అందులోనే వచ్చారు. రొషెల్ నిద్రపోతోంది.

టేవియన్ దిగగానే జనం మూగారు. ఒకామె పసిపిల్లని చేతికిచ్చి ఫోటో తీసుకుంది. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తిపట్టి వెనకే నడిచారు. వాడి మొహం ఎక్కడుంటే అక్కడ ఫోన్లు లేవడం ఇప్పుడు మామూలైపోయింది. వాడు అందరికీ ట్రక్కు తలుపు మీది నవ్వే నవ్వాడు.

ఎమిల్ తల్లి సమాధి గోడ పక్కన ఉంది. ఆయన ఒక కాలి మీద బరువు మోపి సున్నం పూస్తున్నాడు. ఓడెట్ ఇంకో కుంచె అందుకుని రెండో పక్క మొదలుపెట్టింది. చాలాసేపు కుంచెల చప్పుడే.

"ఎమిల్."

"ఊఁ."

"నిజంగానే లెస్టర్ కాదు."

"విన్నాను కదా."

"ఎవరో నాకు తెలుసు."

అవతల కుంచె ఆగింది.

ఓడెట్ సమాధి రాతినే చూస్తూ మాట్లాడింది. తల తిప్పితే నోరు పెగలదని తెలుసు. "నేనప్పుడు మిస్ యూలా దుకాణంలో జడలల్లడం నేర్చుకుంటున్నాను. టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. ఎమిల్ నార్సిస్ ఊరు చూసిపోదామని వచ్చానన్నాడు. పత్రికవాడనుకున్నాను. పెద్దావిడ అంత్యక్రియలు ఎలా జరిగాయని అడిగాడు. ఎమిల్ దొరబాబులా ఉన్నాడని చెప్పాను. అంత మంచి కోటు ఎక్కడ కొన్నాడో అన్నాడు. కొనడమేంటి, బ్రూసార్ గారంతటివాడు స్వయంగా కొనిపెట్టాడు మా ఎమిల్‌కి అని చెప్పాను."

"నువ్వు."

"గొప్పకి చెప్పాను. నువ్వు నావాడివని అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలీదు. నీ గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. ఆయన అడిగాడు, చెప్పాను. నవ్వుతూ చెప్పాను ఎమిల్."

ఎమిల్ గొంతు నెమ్మదిగా ఉంది. అంత నెమ్మది ఆమె ఎప్పుడూ వినలేదు. "అది నీ నోటి నుంచి పోయిందని నీకెప్పుడు తెలిసింది?"

"నిన్ను ఇంటికి పంపేసిన వారంలోనే."

"అంటే పెళ్ళికి ముందే."

"ముందే."

"చర్చి మెట్ల మీద లెస్టర్‌ని కొట్టిన రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"వాడు తిరిగి చెయ్యెత్తలేదు. నోట్లో రక్తం కారుతుంటే నీ వైపు చూశాడు. నన్ను ఆపమని చూస్తున్నాడనుకున్నాను." ఎమిల్ సమాధి చుట్టూ తిరిగి ఆమె ఎదుటికి వచ్చాడు. "వాడికి తెలుసా?"

ఓడెట్ తలూపింది. "మిస్ యూలా చెప్పింది వాడికి. నా దగ్గరికొచ్చాడు. నువ్వే చెప్పుకో ఓడెట్, నేను మాత్రం చెప్పను అన్నాడు. రేపు చెబుదామనుకున్నాను. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. రొషెల్ కడుపులో పడింది. తర్వాత..." ఆమె కుంచె బకెట్ అంచున ఆనించింది. "నా కాపురం నిలబడాలని వాడు నోరు కుట్టుకున్నాడు."

"చచ్చేదాకా."

"చచ్చేదాకా."

పూలు తెచ్చిన టేవియన్ రెండడుగుల దూరంలో నిలబడిపోయి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"నువ్వా అమ్మా?"

"తెలీక చెప్పానురా."

"బ్రూసార్ గారు ఇచ్చారని చెప్పావు. అంతేగా?" వాడు నవ్వాడు. అది తలుపు మీది నవ్వు కాదు. "నేను ప్రతి వారం కెమెరా ముందు నిలబడి చెప్పేది అదే ముక్క. దానికి నాకు డబ్బిస్తున్నారు."

ఎమిల్ ఇద్దరి వైపూ చూడలేదు. వంగి బకెట్ అందుకున్నాడు. సున్నం ఒలికి బూటు మీద పడింది. కుంటుకుంటూ సమాధుల మధ్య నుంచి అవతలి వరసకు నడిచాడు. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. పలకలేదు.

లెస్టర్ పియెర్ సమాధి కొత్తదే, అయినా వానలకి అప్పుడే పచ్చగా పాచి పట్టింది. ఎమిల్ మోకాలు వంగదని తెలిసి కూడా వంచాడు. నొప్పికి కళ్ళు మూసుకుని, తెరిచి, అరచేత్తో పాచి గీకి సున్నం పూయడం మొదలుపెట్టాడు. తను భుజం పట్టని మనిషి సమాధి. కింద నుంచి పైకి, పైనుంచి కిందికి, ఎవరో తరుముతున్నట్టు పూశాడు.

"ఆ చెయ్యి తియ్యి."

వెర్నా. నల్ల గౌనులో, చేతిలో తన సొంత కుంచెతో.

"నీకే చెప్పేది ఎమిల్ నార్సిస్. నా మొగుడి మీంచి ఆ చెయ్యి తియ్యి."

ఎమిల్ తియ్యలేదు. రాతి మీదే ఉంచాడు.

"నీ గుమ్మం దాకా వచ్చాను. భుజం పట్టడానికి ఒక్క మనిషి తక్కువయ్యాడు, నీ పేరే చెప్పేవాడు బతికున్నన్నాళ్ళూ, రమ్మని అడిగాను. లోపల నీ దగ్గు నాకు వినబడింది. తలుపు తియ్యలేదు నువ్వు. ఇప్పుడు సున్నం కొడతావా? ఎవడికి కావాలి నీ సున్నం?"

చుట్టుపక్కల కుంచెలు ఆగాయి. పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. టేవియన్ వెనక తిరుగుతున్న కుర్రాళ్ళు సమాధుల మీంచి దాటుకుంటూ ముందుకొచ్చారు. ఒక ఫోను లేచింది. దాని పక్కన ఇంకోటి.

"తప్పు మనిషి మీద పగ పెట్టుకున్నాను వెర్నా" అన్నాడు ఎమిల్.

"అది నేను పాతికేళ్ళుగా చెబుతున్నా. అప్పుడు చెవులు లేవా? ఇవాళ ఎవరు చెప్పారు నీకు?"

ఎమిల్ సమాధి పట్టుకుని నెమ్మదిగా లేచాడు. ఓడెట్ అప్పటికే అక్కడికి వచ్చి ఉంది, చేతుల నిండా సున్నంతో. ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"నువ్వు చెబుతావా?" అన్నాడు. "నేను చెప్పను. ఈ ఊళ్ళో ఒకరి సంగతి ఇంకొకరు చెప్పింది చాలు."

వెర్నా కళ్ళు ఎమిల్ మీంచి ఓడెట్ మీదికి మళ్ళాయి. ఆమెకింకా ఏమీ అర్థం కాలేదు.

టేవియన్ తల్లి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. వంగి ఆమె చెవిలో, పెదాలు కదిలీ కదలనట్టు అన్నాడు. "అమ్మా, ఫోన్లు. చూడు, అందరూ తీస్తున్నారు. ఇక్కడ చెప్పావంటే ఈ పొద్దుకే ఊరూరా పాకిపోతుంది. బ్రూసార్ అబద్ధమాడిందీ బయటపడుతుంది, నన్ను ఆ క్షణమే వదిలేస్తాడు. నాన్న పేరు గోడ మీదికి రాదు. ఇంటికి పోయి చెప్పు. వెర్నా ఆంటీని ఇంటికి పిలిచి చెప్పు. ఇక్కడొద్దు."

ఓడెట్ కొడుకు మొహం వైపు చూసింది. వాడు చెప్పింది నిజం. వాడు ఎప్పుడూ నిజమే చెబుతున్నాడు.

"ఏంటి ఓడెట్?" అంది వెర్నా. గొంతు మారింది. "ఏం చెప్పాలి నువ్వు నాకు?"

ఓడెట్ రెండో చేత్తో కొడుకు వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.